‘బొక్క మూసినారు’ పద్యానికి కర్ణరంజనీ వ్యాఖ్య

మూలము

బొక్క మూసినారు బుడిపె లింకను రావు
పాట వినుట యెట్లు బాటసారి
జేబు బరువు తగ్గె చెవులు బోసిగ నుండె
వింత వినుము పేట వీధిలోన

అవతారిక

ఇది ఆటవెలది. కర్త పేరు తెలియదు. నాయుడుపేట బజారులో ఒక సెల్‌ఫోన్ల దుకాణం వారు టెంపర్డ్ గ్లాసుకు రాసిచ్చిన బిల్లు వెనకవైపు, బాల్‌పెన్నుతో, ఈ నాలుగు పాదాలూ దొరికాయని ప్రతీతి. గణాలు కుదిరాయి, యతులు కుదిరాయి. కనక కవి బడిలో తెలుగు మేష్టారి మాట విన్నవాడే. అర్థం కూడా చదవగానే తెలుస్తోంది. తెలిసిపోయే పద్యానికి వ్యాఖ్య ఎందుకని శంక. తెలియని చోట ‘స్పష్టము’ అని దాటేసి, తెలిసిన చోట నాలుగు పుటలు నింపడం మన టీకాకారుల ఆచారం. దాన్ని మా చేతుల మీదుగా చెడగొట్టడం మాకిష్టం లేదు.

మెదకు సీమకు చెందిన కొలిచెలమ మల్లినాథసూరి మాత్రం అలా చేసేవాడు కాదు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాట ఇచ్చాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే తన సంజీవని అనీ చెప్పుకున్నాడు. మా పద్యానికి ఇంతవరకు వ్యాఖ్యే లేదు కాబట్టి మూర్ఛపోయే అవకాశం ఇప్పుడే మొదటిసారి వస్తోంది. వసుచరిత్రకు టీక రాయడానికి జూలూరి అప్పయ్య పంతులుకు బ్రౌను దొర ఉన్నాడు, జీతం ఇచ్చాడు. మాకు దొరా లేడు, జీతమూ లేదు. తప్పులు పట్టేవారు ఈ సంగతి గమనించాలి.

కాలనిర్ణయానికి శాసనాలు తవ్వనక్కర్లేదు. బొక్క మూసేయడం జరిగిపోయింది, బుడిపెలు రావడం జరగలేదు. ఈ రెండూ ఒకేసారి నిజమైన రోజులు లోకంలో కొన్నే. 2016 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7ను చూపించి, ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే చోటు ఇక ఉండదని చెప్పింది. బదులుగా వైరు లేని ఎయిర్‌పాడ్స్ అక్టోబరు చివర్లో వస్తాయంది. ఫోను మన దేశంలో అక్టోబరు 7న దిగింది. అక్టోబరు 26న, బుడిపెలు ఇంకా సిద్ధం కాలేదు, కాస్త సమయం కావాలని కబురు. డిసెంబరు 13న అమ్మకం తెరిచారు గానీ, చూస్తూ చూస్తూ ఉండగానే, ఇవాళ డబ్బు కట్టినవారికి ఆరు వారాలకు అందుతాయనే స్థితి వచ్చింది. పద్యం ఈ సందులోనే పుట్టి ఉండాలి.

దీనికొక పూర్వపక్షం ఉంది. అదే ఏడాది జూన్‌లోనే లీఎకో అనే చైనా కంపెనీ లీ 2 అనే ఫోనును 11,999 రూపాయలకు మన దేశంలో అమ్మింది, దానికీ బొక్క లేదు, అరవై వేల ఐఫోన్‌ను నాయుడుపేటలో ఎందరు కొంటారు, కవి చేతిలో ఉన్నది లీ 2యే అని వారి వాదం. వినసొంపుగా ఉంది. కానీ లీఎకో వారు చూపిన ప్రత్యామ్నాయం టైప్-సి పిన్నుతో వచ్చే వైరు ఇయర్‌ఫోన్సే. అందులో బుడిపెల నిరీక్షణ లేదు. పైగా కవి తన ఫోను అని ఎక్కడా అనలేదు. పక్కవాడి ఫోను మీద పద్యం చెప్పకూడదని లక్షణ గ్రంథాలు నిషేధించలేదు.

ఇక కవి ఏ జిల్లావాడు? నాయుడుపేట 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అంతవరకు నెల్లూరు జిల్లా. పద్యం పుట్టింది నెల్లూరులో, వ్యాఖ్య పుట్టింది తిరుపతిలో, ఊరు మాత్రం కదల్లేదు. తిక్కన ఉన్న జిల్లాకు ఒక ఆటవెలది తగ్గితే నష్టం లేదు. అన్నమయ్య పాడిన కొండ ఉన్న జిల్లాకు ఒకటి పెరిగినా ఎవరూ గమనించరు.

ప్రతిపదార్థము

బాటసారి = ఓ దారిన పోయేవాడా; బొక్క = ఫోనునకు గల, పిన్ను దూర్చు రంధ్రమును; మూసినారు = లేకుండ జేసిరి; బుడిపెలు = చెవులయందు పెట్టుకొను వైరులేని బడ్సు; ఇంకను = ఇప్పటికిని; రావు = అందవు; పాట = గానమును; వినుట = ఆలకించుట; ఎట్లు = ఏ విధమున?; జేబు = చొక్కాకు కుట్టిన సంచియొక్క; బరువు = భారము; తగ్గె = స్పష్టము; చెవులు = కర్ణములు; బోసిగన్ = ఏమియు లేనివై; ఉండెన్ = ఉన్నవి; పేట = నాయుడుపేటయొక్క; వీధిలోనన్ = బజారునందు; వింత = ఆశ్చర్యమును; వినుము = ఆకర్ణింపుము.

తాత్పర్యము

ఓ దారిన పోయే అయ్యా! ఫోనుకున్న బొక్క తీసేశారు. దాని బదులు వస్తాయన్న బుడిపెలు రాలేదు. పాట ఎలా వినేది? జేబు తేలికయింది, చెవులు బోసిపోయాయి. నాయుడుపేట బజారులో ఈ వింత విని పో.

విశేషములు

‘బొక్క.’ తెలంగాణ పండితులు ఈ మాటకు ఎముక అని అర్థం చెప్పి, ‘ఎముక మూసినారు’ అని అన్వయించబోతే శస్త్రచికిత్స అవుతుంది గానీ పద్యం కాదు. నాయుడుపేటలో బొక్క అంటే రంధ్రమే. దుకాణంలో జనం అడిగేదీ అదే మాట: ‘ఏంది సామీ, పిన్ను పెట్టే బొక్కే లేదే దీనికి?’

బొక్క వ్యాసం మూడున్నర మిల్లీమీటర్లు. దాని వంశం పెద్దది. 19వ శతాబ్దం చివర టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైనును ఇంకో లైనుతో కలపడానికి పావు అంగుళం పిన్నును పలక మీది రంధ్రాల్లో గుచ్చేవారు. ఆ పిన్నే ట్రాన్సిస్టర్ రేడియోల కాలానికి చిక్కిపోయి ఈ సైజుకు వచ్చింది. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ వచ్చాక మనిషి నడుస్తూ పాట వినడం మొదలైంది. ఆ మొదటి వాక్‌మన్‌కు ఒకటి కాదు, రెండు బొక్కలు. ఒకే పాట ఇద్దరు వినాలని దాన్ని చేసినవారి ఉద్దేశం. పావు అంగుళం పిన్ను మాత్రం ఈనాటికీ గిటారు యాంప్లిఫయర్లలో దిగుతూనే ఉంది. ఇంత ఆయుష్షు ఉన్న సాంకేతిక వస్తువు మరొకటి చూపించండి.

పిన్నును దగ్గరగా చూస్తే మూడు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు కనిపిస్తాయి. ఆటవెలదికి నాలుగు పాదాలున్నట్టే దీనికీ నాలుగు. మొన ఎడమ చెవికి, మొదటి ఉంగరం కుడి చెవికి. మిగిలిన రెంటిలో ఒకటి గ్రౌండు, ఒకటి మైకు. ఏది ఏదన్న దగ్గర పాఠభేదం పుట్టింది. పాత నోకియా ఫోన్లలో ఒక వరుస, తరువాతి ఫోన్లలో దానికి తలకిందుల వరుస. అందుకే పాత ఇయర్‌ఫోన్స్ కొత్త ఫోనుకు పెడితే వాయిద్యాలు వినిపించి గాయకుడు మాయమయ్యేవాడు. మైకు బటన్ నొక్కి పట్టుకుంటే తిరిగొచ్చేవాడు. పాటంతా బొటనవేలితో బటన్ నొక్కి విన్న తరం ఒకటి ఈ సీమలో ఉంది. బొక్క సర్వసమానమని పొగిడేవారు ఈ తరాన్ని కూడా కాస్త తలుచుకోవాలి.

అయినా పొగడాల్సింది పొగుడుదాం. ఈ బొక్కకు స్వామి లేడు. బస్టాండు దగ్గర తాడుకు వేలాడదీసి యాభై రూపాయలకు అమ్మే ఇయర్‌ఫోన్స్ పిన్ను, అరవై వేల ఫోనులోనూ దూరేది. నువ్వెవరు, ఎవరి అనుమతితో వచ్చావు అని ఫోను అడిగేది కాదు. ఐఫోన్‌కు మిగిల్చిన లైట్నింగ్ రంధ్రం అలాంటిది కాదు. అది ఆపిల్ వారి సొంతం, దానికి సరిపడే వస్తువు అధికారికంగా చేయాలంటే వారి దగ్గర లైసెన్సు తీసుకోవాలి. మా చూపులో ఈ పద్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. పోయింది మూడున్నర మిల్లీమీటర్ల చోటు కాదు. ఎవరైనా చేసి ఎవరికైనా అమ్ముకోగలిగిన ఒక పొరంబోకు స్థలం పోయింది. కొత్తది వచ్చేలోపే పోయింది కాబట్టి పోయిన సంగతి అందరికీ తెలిసింది. బుడిపెలు చెప్పిన రోజుకే వచ్చి ఉంటే ఈ పద్యం పుట్టేది కాదు, పొరంబోకు సంగతీ ఎవరూ ఎత్తేవారు కాదు.

‘మూసినారు.’ ఇక్కడ కర్త లోపించాడు. ఎవరు మూశారో కవి చెప్పలేదు. బహువచనం గౌరవార్థమని కొందరు, చాలామంది కలిసి మూశారు కనక నిజమైన బహువచనమేనని కొందరు. రెండో పక్షానికి సాక్ష్యం ఎక్కువ. మోటరోలా వారి మోటో జెడ్ కూడా ఐఫోన్ కన్నా ముందే ఆ దారి పట్టింది. గూగుల్ వారు 2016 అక్టోబరులో తమ పిక్సెల్ ఫోనుకు బొక్క ఉందని పక్కవాణ్ణి ఎత్తిపొడుస్తూ ప్రకటన చేసి, సరిగ్గా ఏడాదికి పిక్సెల్ 2లో దాన్ని తీసేశారు. సామ్‌సంగ్ వారు బొక్క లేని ఐఫోన్ మీద వరుసగా వెక్కిరింత ప్రకటనలు వేసి, 2019 ఆగస్టులో నోట్ 10కు తామూ మూసుకున్నారు. వన్‌ప్లస్ 6టీ 2018లోనే మూసుకుంది. ప్రబంధకవులు ముందు పూర్వకవిని ఆక్షేపించి తరువాత అతని పద్యాన్నే అనుసరించడం మనకు తెలియనిది కాదు.

ఎందుకు మూశారయ్యా అంటే, ఆపిల్ తరఫున ఫిల్ షిల్లర్ వేదిక మీద చెప్పిన మాట ‘ధైర్యం’. లోపల చోటు కావాలి, నీళ్ళు దూరకూడదు వంటి కారణాలూ చెప్పారు. అవి కొట్టేయదగినవి కావు, ఐఫోన్ 7 నిజంగానే నీటిని కొంత తట్టుకుంది. అయితే లోకం పట్టుకున్నది ధైర్యం అన్న మాటనే. తీయవద్దని అంతకు ముందే మూడు లక్షల మందికి పైగా ఒక విజ్ఞాపన మీద సంతకాలు పెట్టారు. ఆ తరువాత యూట్యూబులో ఒకాయన, బొక్క లోపలే దాగి ఉంది, డ్రిల్లు పెట్టి తీసుకోండి అని వేళాకోళానికి వీడియో పెడితే, నమ్మి ఫోనుకు బెజ్జం వేసుకున్నామని మొరపెట్టుకున్నవారు బయల్దేరారు. వేళాకోళం కాకుండా నిజంగా పని చేసినవాడు అమెరికా ఇంజనీరు స్కాటీ అలెన్. చైనాలోని షెన్‌జెన్ బజార్లలో విడిభాగాలు ఏరి, నెలల తరబడి కుస్తీ పట్టి, 2017లో తన ఐఫోన్ 7కు పాట పలికే బొక్క పెట్టి చూపించాడు. ధైర్యం అన్న మాటకు ఉదాహరణ కావాలంటే వ్యాఖ్యాత ఓటు ఇతనికి.

మన పక్కన మాత్రం వేరే కథ నడిచింది. హైవే మీద దక్షిణంగా పోతే తడ దగ్గర శ్రీసిటీ. 2015 ఆగస్టు నుంచి అక్కడ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు తయారయ్యాయి. 2017 మార్చిలో రెండోదీ మొదలైంది. పనిచేసేవారిలో చాలామంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. ఆ కంపెనీ మి ఎ2 లాంటి ఒకటీ అరా ఫోన్లకు బొక్క తీసేసినా, మన బజార్లో ఎక్కువగా అమ్ముడుపోయే రెడ్‌మీ ఫోన్లకు ఏళ్ళ తరబడి ఉంచింది. అరవై వేల ఫోనుకు లేనిది పది వేల ఫోనుకు ఉండటం కొన్నాళ్ళు ఈ ప్రాంతపు వైభవం.

‘బుడిపె లింకను రావు.’ ఆలస్యానికి కారణం ఏమిటి? స్పష్టము.

ఇలా రాసి దాటేద్దామనే అనుకున్నాం, ఎందుకంటే చేసినవారే విడమరిచి చెప్పలేదు. అయితే రెండు చెవులకూ ఒకే క్షణాన శబ్దం అందించడంలో చిక్కు వచ్చిందని ఆ డిసెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఇది నమ్మదగిందే. వైరున్నప్పుడు రెండు చెవులకూ పాట ఒకే తాడు మీద వస్తుంది, తాడు చీలేది గడ్డం కింద. వైరు లేని బుడిపెలు రెండూ వేర్వేరు యంత్రాలు. ఒకదానికి ముందు, ఒకదానికి వెనక అందితే మనిషి తల తిరుగుతుంది. మామూలుగా అప్పటి బ్లూటూత్ పద్ధతిలో ఫోను ఒక చెవికే పంపేది, ఆ చెవి రెండో చెవికి చెప్పాలి. బ్లూటూత్ అన్నది పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ బిరుదు, అనగా నీలదంతుడు. విడివిడిగా ఉన్న తెగలను ఒక ఏలుబడి కిందికి తెచ్చాడని ఆయన పేరు పెట్టారు. రెండు చెవులను ఏలడం ఆయనకూ కష్టమే అయింది.

‘రావు’ అన్నదానికి ఇంకో అర్థం కూడా చెప్పవచ్చు. బుడిపెలు వచ్చాక కూడా శబ్దం వెంటనే రాదు. సినిమా చూస్తుంటే నాయకుడి పెదవులు కదిలిన తరువాత, సెకనులో ఐదో వంతు ఆలస్యంగా మాట చెవిన పడేది. ఇప్పటి ఫోన్లు బొమ్మను కూడా అంతే ఆపి ఈ తేడాను కప్పిపుచ్చుతున్నాయి. పబ్‌జీ ఆడిన కుర్రాళ్ళను అడిగితే అసలు సంగతి చెబుతారు. శత్రువు కాల్చిన తుపాకీ చప్పుడు, తాము చచ్చిన తరువాత వినపడేది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆ ఆటనే నిషేధించేదాకా వాళ్ళు వైరు వదల్లేదు.

మూడో అర్థం కవి ఊహించనిది. 2023 మేలో రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలుపెట్టారు, ఎగుమతుల కోసం. అంటే ఆ బుడిపెలు ఇప్పుడు తెలుగు నేల మీదే పుట్టి, ఓడలూ విమానాలూ ఎక్కి వెళ్ళిపోతున్నాయి. కవి ‘రాలేదు’ అనక ‘రావు’ అన్నాడు కదా, మార్చాల్సిన పని లేదు.

‘పాట వినుట యెట్లు బాటసారి.’ బాటసారి అన్నది సంబోధనా, ప్రథమా విభక్తా? సంబోధన అయితే కవి దారిన పోయేవాడిని పిలిచి అడుగుతున్నాడు. ప్రథమ అయితే దారిన పోయేవాడు పాట వినడం ఎలాగని లోకాన్ని అడుగుతున్నాడు. మేం సంబోధననే మెచ్చుకుంటాం గానీ, ఊరి స్వభావం రెండోదానికీ చోటిస్తుంది. చెన్నై–కోల్‌కతా రహదారి మీద ఉండి, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి రోడ్డు చీలే చోటు నాయుడుపేట. ఇక్కడ సగం మంది బాటసారులే. గూడూరు–చెన్నై రైలు మార్గంలో రోజూ పోయివచ్చేవారు, మేనకూరు ఫ్యాక్టరీల షిఫ్టులకు బస్సెక్కేవారు, కాళహస్తిలో రాహుకేతు పూజకని దిగి బస్సు మారేవారు. వీళ్ళకు ఇయర్‌ఫోన్స్ విలాసం కాదు, పక్కవాడి కబుర్ల నుంచి రక్షణ.

ఇంకొక మాట. వైరు పాట మోయడమే కాదు, ఎఫ్ఎం రేడియోకు ఏరియల్‌గా కూడా పనిచేసేది. ఇయర్‌ఫోన్స్ గుచ్చకపోతే చాలా ఫోన్లలో రేడియో పలికేదే కాదు. బొక్క మూసినప్పుడు ఆకాశవాణికీ దారి మూసుకుంది. దీన్ని పాటల సంగతిగా తీసిపారేయకూడదు. ఇది తుపాన్ల తీరం. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. టవర్లు పడిపోయి, డేటా ఆగిపోయినప్పుడు మనిషికి మిగిలే గొంతు రేడియో ఒక్కటే. ఫోన్లలో ఎఫ్ఎం పనిచేసేలా చూడండని 2023లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారులకు సూచన పంపింది. ఏరియల్ ఎక్కడ తగిలించాలో ఆ సూచన పాటించేవారు చూసుకోవాలి.

‘జేబు బరువు తగ్గె.’ పద్యంలో రత్నం ఇదే. ఇక్కడ శ్లేష ఉంది, అదీ మూడర్థాల శ్లేష. పింగళి సూరనకు రాఘవపాండవీయంలో రెండర్థాలకే అంత కష్టమైంది, మన కవి బిల్లు వెనక మూడు సాధించాడు.

మొదటి అర్థం వాచ్యం. ఐఫోన్ 6ఎస్ బరువు 143 గ్రాములు, ఐఫోన్ 7 బరువు 138. అయిదు గ్రాములు తగ్గాయి. జేబు బరువు తగ్గింది, లెక్కకు నిజం. ఎయిర్‌పాడ్స్ వచ్చాక ఒక్కో బుడిపె 4 గ్రాములు, వాటి డబ్బా 38, మొత్తం 46 పెరుగుతాయి. కాబట్టి బుడిపెలు రానన్నాళ్ళే బరువు తగ్గిన మాట చెల్లుతుంది. కవి కాలనిర్ణయం గ్రాములతో కూడా సరిపోయిందని సహృదయులు గమనించగలరు.

రెండో అర్థం ఫోను ఖరీదు. మన దేశంలో ఐఫోన్ 7 అరవై వేల నుంచి మొదలు, ఎయిర్‌పాడ్స్ 15,400. ఆ డబ్బుకు అప్పట్లో లీ 2 ఫోనే ఒకటి కొని, మిగిలిన మూడు వేలకు పైచిలుకుతో తిరుపతి పోయి రావచ్చు, తోడుగా ఇంటిల్లిపాదినీ తీసుకుపోవచ్చు. ఆపిల్ వారు పెట్టెలో ఒక చిన్న కన్వర్టర్ తోకను ఉచితంగా ఇచ్చారు, పాత ఇయర్‌ఫోన్స్ దానికి గుచ్చుకోవచ్చు. రెండేళ్ళ తరువాత ఆ తోక కూడా పెట్టెలో రాలేదు.

మూడో అర్థం దగ్గర వ్యాఖ్యాత కలం ఆగుతుంది. అక్టోబరు 26కూ డిసెంబరు 13కూ మధ్య నవంబరు 8 ఉంది. ఆ రాత్రి ఎనిమిది గంటలకు అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. నాయుడుపేట జేబులన్నీ ఒక్కసారిగా తేలికయ్యాయి. నోట్లు జేబులోనే ఉన్నా బరువు పోయింది. అక్కడ పాతది రద్దయింది, కొత్త నోటు ఇంకా ఏటీఎంకు రాలేదు. ఇక్కడ బొక్క రద్దయింది, బుడిపె ఇంకా దుకాణానికి రాలేదు. కొత్త చెరువు నిండకముందే పాత చెరువుకు గండి కొట్టడం ఆ ఏడాది రెండు చోట్ల జరిగింది. క్యూలో నిలబడి పాట విందామన్నవాడికి రెండు విధాలా లేకపోయింది. ఇది కవి ఉద్దేశించాడా అని అడిగితే, ఉద్దేశించనివి కూడా కవివే అని ఆలంకారికులు చాలాకాలం కిందటే తీర్పు ఇచ్చారు.

‘చెవులు బోసిగ నుండె.’ బోసి అన్న మాట ఊరికే పడలేదు. మా ప్రాంతంలో ఆడపిల్ల చెవికి కనీసం వేపపుల్ల అయినా పెడతారు గానీ బోసి చెవులతో బయటికి పంపరు. కమ్మలు తాకట్టులో ఉన్నప్పుడు కొంగు చెవుల మీదికి లాక్కుని పేరంటానికి పోయిన అవ్వలు ఉండేవారు. కవి ఆ సిగ్గును ఈ తరం కుర్రాడి చెవులకు తెచ్చాడు. ఇయర్‌ఫోన్స్ లేకుండా బస్సెక్కడం అతనికి అంతటి లోటు.

ఆ లోటు ఎలా తీరాలన్న దగ్గర వాడకందార్లు మూడు మతాలుగా చీలారు. వైరు పక్షంవారి మాట: ‘వైరుదయితే మెళ్ళో యాలాడతా ఉంటాది, యాడికీ పోదు. ఫోనుకు ఛార్జింగు పెట్టేదానికే కరెంటుండదు, ఇంక చెవులక్కూడా పెట్టాల్నా?’ దీనికి జవాబు చెప్పడం కష్టం. బుడిపెల పక్షంవారి మాట: ‘నెలకొక వైరు తెగతా ఉండాది. పిన్ను కాడ వంచి పట్టుకుంటేనే ఒక చెవి పలకతాది. ఎన్ని కొనేది?’ ఇదీ నిజమే. వైరు ఎప్పుడూ మెడ దగ్గరే తెగుతుంది, తెగినా సాంతం చావదు, ఒక కోణంలో పట్టుకుంటే పలుకుతుంది, ఆ కోణం కోసం మనిషి మెడ వంకర పెట్టుకుని సూళ్ళూరుపేట దాకా పోతాడు. వైరును మరీ నెత్తికెత్తుకునేవారి మెడలు ఒకసారి పరిశీలించాలి.

మధ్యలో పుట్టినది నెక్‌బ్యాండ్. తిరుమలకు ఇంత దగ్గర్లో ఉండి చెప్పకపోతే ఎలా? విడివిడిగా రెండు బుడిపెలు ద్వైతం. బస్సులో ఒకటి కిటికీలోంచి పడిపోగా మిగిలిన ఒక్కదానితో ‘ఉండేది ఒకటే’ అని బతికేవాడిది అద్వైతం. రెండూ వేరయినా మెడ దగ్గర ఒక్కటిగా ఉన్నవి విశిష్టాద్వైతం. నాయుడుపేటలో ఎక్కువ మంది మెడల్లో కనిపించేది ఈ మూడోదే. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవారు, మోటారు సైకిల్ మెకానిక్కులు, కోసిన వరి దగ్గర కాపలా ఉన్నవారు, అందరూ రామానుజుల వారి పక్షమే. ఖరీదులు కూడా దిగివచ్చాయి. 2019 డిసెంబరులో రియల్‌మీ వారు ఎయిర్‌పాడ్స్‌ను పోలిన బుడిపెలను 3,999కి తెచ్చినప్పుడు చౌక అన్నాం. ఇప్పుడు వెయ్యి లోపే దొరుకుతున్నాయి. ఏడాది తిరక్కుండా బ్యాటరీ నీరసించి పారేస్తున్నారు, అది వేరే సంగతి. ఎయిర్‌పాడ్స్ లాంటి ఖరీదైనవాటికే బ్యాటరీ విప్పి మార్చడం కుదరలేదు, వెయ్యివాటిని ఎవరడుగుతారు?

‘వింత వినుము పేట వీధిలోన.’ పేట అంటే సూళ్ళూరుపేట అని ఒక వాదం. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు వాకిలి కనక సాంకేతిక పద్యం అక్కడే పుడుతుందంటారు. అది చెల్లదు. సూళ్ళూరుపేటవారు తమ ఊరిని పేట అన్నా, బిల్లు నాయుడుపేటది. పైగా రాకెట్ చప్పుడు వినడానికి ఇయర్‌ఫోన్స్ అక్కర్లేదు.

‘వినుము’ దగ్గర విరోధాభాసాలంకారం. వినే సాధనం పోయిందని మూడు పాదాలు మొత్తుకుని, నాలుగో పాదంలో విను అంటాడేమిటి? పరిహారం ఇది. ఇయర్‌ఫోన్స్ లేనివాడు పాట మానడు, స్పీకర్ పెడతాడు. అప్పుడు వినేది అతనొక్కడే కాదు, బస్సంతా. ఒక సీట్లో అన్నమయ్య కీర్తన, వెనక సీట్లో రీల్సు, ముందు సీట్లో ఎవరో వాట్సాప్‌లో పంపిన ప్రవచనం, అన్నీ కలిసి కాళహస్తి దాకా. 2021లో కర్ణాటక ఆర్టీసీ బస్సుల్లో ఫోను బిగ్గరగా మోగించడాన్ని నిషేధించారు. ఇక్కడ ఆ నిషేధం కండక్టరు గొంతు మీద ఆధారపడి ఉంది, ఆ గొంతు టికెట్లకే సరిపోవడం లేదు.

రసం ఏది? కంపెనీకి వీరం. కొన్నవాడికి కరుణం. కొనలేనివాడికి హాస్యం. దుకాణం యజమానికి మొదట్లో భయానకం, చేతిలో ఉన్న వైర్లన్నీ ఏమవుతాయోనని; తరువాత టైప్-సి పిన్నుతో వైరు ఇయర్‌ఫోన్స్ దిగాక శాంతం. 2023లో ఐఫోన్ 15కే టైప్-సి రంధ్రం వచ్చింది, ఐరోపావారి చట్టం పుణ్యమా అని. ఇప్పుడు నూటాయాభై రూపాయల వైరు మళ్ళీ లక్ష రూపాయల ఫోనులో దిగుతోంది. అయితే పాట వింటూ ఛార్జింగు పెట్టుకోవడానికి ఆ ఒక్క రంధ్రం చాలదు. దీని మీద ఎవరైనా పద్యం రాస్తే టీక మేమే రాస్తాం.

బిల్లు మీద ఈ పద్యం కింద ఇంకొక పద్యానికి ఎత్తుగడ ఉంది. ‘పెట్టె విప్పి చూడ’ అని తెలుస్తోంది, తరువాత ‘ఛార్జ రేది’ అన్న మాటలు ఆనవాలు పట్టవచ్చు, తక్కినదంతా చెమటకు అలికిపోయింది. సిరా కొత్తది, 2020 అక్టోబరు తరువాతదని మా అంచనా.